రుచి చూడని సంతకం

రూతమ్మ పగ పట్టిందని మా ఊళ్ళో అంటారు. అవును, పట్టింది. పట్టకూడదా? పెద్దింటి మగాడు పగ పడితే పౌరుషం అంటారు. అన్నం వండుకునే ఆడది పడితే మాత్రం అందరూ బుగ్గలు నొక్కుకుంటారు. ఆవిడ పగ పట్టిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాబట్టి ఆవిడ కథ చెప్పాల్సిన బాధ్యత నా నెత్తిన పడింది.

నా పేరు సత్యవాణి. మాది కొవ్వూరు. భీమవరానికి ఇవతల మొగలిదిబ్బ అనే ఊళ్ళో, ప్రాథమికోన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఆరో తరగతికి క్లాస్ టీచర్ని. ఒకటి నుంచి ఎనిమిది దాకా నూట నలభై మంది పిల్లలు. చుట్టూ రొయ్యల చెరువులు. ఏ కిటికీ తెరిచినా నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు. పాఠం చెప్పాలంటే గొంతు చించుకోవాలి.

రూతమ్మ ఆ ఊరి పేటలోనే పుట్టింది. తండ్రి ముసలయ్య ఆదినారాయణరాజుగారి చేలల్లో పాలేరు. చేలు చెరువులయ్యాక చెరువు గట్టున కావలి కాశాడు. రూతమ్మ ఇదే బడిలో ఏడు దాకా చదివింది. అప్పట్లో ఇక్కడ అంతవరకే ఉండేది. ఎనిమిదికి భీమవరం పంపించే దిక్కులేక ఆగిపోయింది. చిట్టియ్యను చేసుకుంది. చిట్టియ్య చెరువుల్లో వల లాగే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆయన వాటా నాలుక కూడా దేవుడు ఈవిడకే ఇచ్చేశాడని పేటలో ఆటపట్టిస్తారు. ఆదివారం లూథరన్ చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ఎత్తుకున్నాక పాస్టరుగారి చేతిలో మైకున్నా ఆయన గొంతు వినపడదు.

తొమ్మిదేళ్ళు మా బడిలో మధ్యాహ్న భోజనం వండింది. ఒకటో తరగతి పిల్లలకు గుడ్డు రెండు ముక్కలు చేసి పెట్టేది, గొంతుకు అడ్డం పడుతుందని. ఎవడు వంకాయ ఏరి పారేస్తాడో, ఎవత్తె రెండోసారి అడగడానికి సిగ్గుపడుతుందో అన్నీ తెలుసు. సిగ్గుపడేవాళ్ళ కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె పడేది. "తిను తల్లీ, నీ సిగ్గు పొయ్యిలో పెట్టా" అనేది. ఆవిడ కూతురు వినీల ఈ కథ మొదలయ్యేనాటికి ఐదో తరగతి, మధ్యలో నా ఆరో తరగతికి వచ్చింది.

ఇక్కడొక రూలు గురించి చెప్పాలి. పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరు, ఒక స్కూలు కమిటీ మనిషి ఆ అన్నం తిని చూడాలి. చూసి రుచి రిజిస్టరులో 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాలి. రూతమ్మ రోజూ పన్నెండున్నరకి చిన్న స్టీలు గిన్నెలో కాస్త అన్నం, కాస్త కూర పెట్టి, మూత పెట్టి, స్టాఫ్ రూం బల్ల మీద ఉంచేది. మా స్కూల్లో టీచరు తరఫు సంతకం నాది. అప్పటికి నేను వచ్చి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో ఆ మూత ఒక్కసారి కూడా తీయలేదు. 'బాగుంది' అని రాసి, సంతకం గిలికి, నా క్యారేజీ విప్పుకునేదాన్ని. గిన్నె ఎలా వచ్చిందో అలాగే వంటగదికి తిరిగి వెళ్ళేది.

ఎందుకు తినలేదో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. 'ఎలాగూ ఇంట్లో వండుతాను కదా' అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. సిగ్గులేని మాట! ఇంకా విచిత్రం మా హెడ్మాస్టరు ప్రేమ్ కుమార్ గారు. ఆయనదీ రూతమ్మ వెళ్ళే చర్చే. ఆదివారం ఒకే గిన్నెలోంచి ప్రభువు బల్ల తీసుకుంటారు. సోమవారం నుంచి మాత్రం ఆయనకు గ్యాస్ ట్రబుల్. బడి అన్నం పడదట.

కమిటీ మనిషి తరఫు సంతకం చైర్మన్ అబ్బులుది. అబ్బులు ఆదినారాయణరాజుగారి చెరువుల దగ్గర మేత బస్తాలు మోసే మనిషి. కమిటీలో ఉండాలంటే బిడ్డ ఈ బడిలో చదవాలి. రాజుగారి మనవలు భీమవరంలో బస్సెక్కే బడిలో చదువుతారు. అందుకని చైర్మన్ అబ్బులు, చైర్మన్ కుర్చీ మాత్రం రాజుగారిది. మీటింగయితే రాజుగారు కూర్చునేవారు, చైర్మన్ గారు ఆయన వెనకాల నిలబడి సెల్‌ఫోన్ పట్టుకునేవాడు. బడికి స్థలం ఇచ్చింది తన తాతగారని రాజుగారు కనపడినవాడికల్లా చెప్పేవారు. పంద్రాగస్టుకి జెండా ఎగరేసేదీ ఆయనే, లడ్డూలు పంచేదీ ఆయనే.

కిందటేడు మాఘమాసంలో రాజుగారి మనవరాలు కీర్తిప్రియకి ఓణీల ఫంక్షన్ చేశారు. ఆదివారం రాత్రి ఊరంతా తిన్నా ఇంకా మిగిలింది. సోమవారం పొద్దున్న పదిన్నరకి, ఇంటర్‌వెల్ బెల్లు కొట్టేసరికి, పెద్ద అల్యూమినియం బేసిన్ నిండా కోడి పలావు బడికి వచ్చింది. రాత్రంతా మూత పెట్టి ఉంచినది. "పిల్లలు తింటారని రాజుగారు పంపించారండి" అని అబ్బులు వరండాలో దించాడు. పిల్లలు ఎగబడ్డారు. రూతమ్మ వంటగదిలోంచి వచ్చి వాసన చూసింది.

"మేడం, ఇది పులిసిపోయిందండి. పిల్లలకి వద్దండి" అంది నాతో.

"ఊరుకో రూతమ్మా. రాజుగారు వింటే బాగోదు" అన్నాను నేను.

రూతమ్మ వినీల రెక్క పట్టుకుని పక్కకు లాగింది. మిగతా పిల్లలు ఆవిడ పిల్లలు కారుగా, లాగడానికి? చివరికి ఎనిమిదో తరగతి వరస వచ్చేసరికి బేసిన్ ఖాళీ అయిపోయింది. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళారు. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ రూతమ్మ వండిన గుడ్డు కూర, అన్నం తిన్నారు. నేను రిజిస్టరులో 'బాగుంది' అని రాశాను. ఒంటిగంటన్నరకి ఒకటో తరగతిలో వాంతులు మొదలయ్యాయి. రెండయ్యేసరికి పదకొండు మంది.

రాజుగారు తన కారులో పిల్లల్ని ఆస్పత్రికి చేర్చారు. ఒక పిల్ల ఆయన తెల్ల చొక్కా మీదే కక్కేసింది. ఆ ఫోటో మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పడింది. దేవుడి దయవల్ల సాయంత్రానికి పిల్లలందరూ కోలుకున్నారు. రాత్రికల్లా ఊరంతటికీ ఒకే మాట తెలిసిపోయింది, రూతమ్మ వంట తిని పిల్లలు పడిపోయారని.

విచారణకు మండలం ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. హెడ్మాస్టరు నా ముందు కాగితం పెట్టారు. "మేడం, క్లుప్తంగా రాయండి. పెద్దవాళ్ళ పేర్లెందుకు మనకి?" అన్నారు. నేను క్లుప్తంగానే రాశాను. 'మధ్యాహ్న భోజనం చేసిన అరగంటకు పిల్లలకు వాంతులయినవి' అని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. బేసిన్ సంగతి రాయలేదు, అంతే. బేసిన్ అందని ఎనిమిదో తరగతిలో ఒక్కడికీ తలనొప్పి కూడా రాలేదని, రూతమ్మ కూతురు గుడ్డు కూర తిని గంతులేస్తోందని నాకు తెలుసు. అదీ రాయలేదు. అబ్బులు నా సంతకం కింద తనదీ పెట్టాడు.

రూతమ్మను పనిలోంచి తీసేశారు. వంటగది తాళం తీసుకోవడానికి హెడ్మాస్టరుతో పాటు నన్నూ రమ్మన్నారు. రూతమ్మ గరిటెలు కడిగి, బోర్లించి, తాళంచెవి బల్లమీద పెట్టింది. ఏడవలేదు. నన్ను ఒక్కటే అడిగింది.

"ఆవేళ నా గిన్నెలోది మీరు తిన్నారా మేడం?"

నేను నేల చూపులు చూశాను.

"తినుంటే బాగుండేదండి. నేను తిన్నాను, నాకేం కాలేదు అని చెప్పేవోరు. తొమ్మిదేళ్ళ నుంచి గిన్నె పెడతన్నాను. ఒక్కరోజు, ఒక్కళ్ళు తినుంటే ఈవేళ నాకో సాక్షి ఉండేది."

ఆ మాట అని వెళ్ళిపోయింది. నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ తరవాత పిల్లలు వినీలను వాంతుల రూతమ్మ కూతురని పిలవడం మొదలుపెట్టారు. పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ పిల్ల మధ్యాహ్నం తినడం మానేసి కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు తాగేది. ఆ కేకలు విన్నప్పుడల్లా నేను కోప్పడ్డాను. నిజం మాత్రం చెప్పలేదు. క్షమించి మర్చిపోమని పాస్టరుగారు రూతమ్మకు చెప్పబోతే, "క్షమించేస్తానండి. ముందాయన్ని ఒప్పుకోమనండి. తప్పే చెయ్యలేదంటన్నోడిని ఏవని క్షమించాలండి?" అందట.

రూతమ్మ రొయ్యల షెడ్డులో చేరింది. తెల్లారుజామునే వెళ్ళి, ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి, రొయ్యలకు తలలు తీసే పని. రాజుగారు ఆవిణ్ణి బడినుంచి గెంటేసి సంబరపడ్డారుగానీ, ఎక్కడికి గెంటారో చూసుకోలేదు. ఆ షెడ్డులో పనిచేసే డెబ్బై మంది ఆడవాళ్ళూ మా బడి పిల్లల తల్లులే. వంటగదిలో ఉంటే రూతమ్మకి పొయ్యి తప్ప తోడు లేదు. ఇక్కడ రోజూ నాలుగ్గంటలు, మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చున్న డెబ్బై మంది తల్లులు. ఆర్నెల్లు ఆవిడ ఒకే ప్రశ్న ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ వచ్చిందట. "మీవోడు ఆవేళ బేసిన్‌లోది తిన్నాడా, లేదా?" వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లల్ని అడిగారు. పిల్లలు చెప్పారు. పిల్లలకు రాజుగారి భయం ఏముంటుంది?

శ్రావణంలో స్కూలు కమిటీ ఎన్నికలు వచ్చాయి. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు చేతులెత్తి ఎన్నుకోవాలి. అలా గెలిచిన ఇరవై నలుగురు కలిసి చైర్మన్‌ని ఎన్నుకోవాలి. హెడ్మాస్టరు నోటీసు బోర్డు మీద అంటించారు. ఒక బిడ్డకి ఒక్క ఓటు. తల్లయినా సరే, తండ్రయినా సరే, ఎవరు ముందొచ్చి సంతకం పెడితే వాళ్ళే చెయ్యెత్తాలి. ఎనిమిది నుంచి పది దాకా సంతకాలు.

రూతమ్మ నిలబడుతోందని తెలిసి రాజుగారు రాయబారం పంపించారు. హెడ్మాస్టరు, అబ్బులు, మధ్యలో నేను. షెడ్డుకి వెళ్ళాం. రూతమ్మ పీట మీదనుంచి లేవలేదు.

"పని చేసుకుంటానే వింటానండి. ఐసు కరిగిపోద్ది" అంది. ఆవిడ చేతుల్లో రొయ్యల తలలు టకటక రాలుతున్నాయి.

"రూతమ్మా, రాజుగారి మనసు కరిగింది" అన్నారు హెడ్మాస్టరు. "నీ వంటగది నీకిచ్చేస్తారు. నువ్వు మాత్రం పోటీ చెయ్యకు. అసలు కమిటీలో ఉన్నవాళ్ళు వంట చెయ్యకూడదని రూలు కూడా ఉంది. బాగా ఆలోచించుకో. గరిటె కావాలా, కుర్చీ కావాలా?"

చిట్టియ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒప్పేసుకోవే. నీకు వంటంటే ప్రాణం కదా" అన్నాడు మెల్లగా. అది నిజమే. ఆ క్షణం రూతమ్మ చేతులు ఆగిపోయాయి. వంటగది మాట వినగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. మోచేత్తో తుడుచుకుంది.

"మనసు కరిగిందంటన్నారు. మరి పిల్లలు నా అన్నం తిని కక్కలేదని చెప్పమనండి, మైకులో. చెప్తారా?"

"అదెలా కుదురుద్దే? పరువు కదా?" అన్నాడు అబ్బులు.

"ఆయనకేనేంటి పరువు? నా కూతురు కుళాయి నీళ్ళు తాగి కడుపు నింపుకుంటంది. నాకు గరిటె వద్దు, కుర్చీ అసలొద్దు. ఆయన నోటితో ఆ మాట చెప్పించాలి. చెప్పించేదాకా నాకు నిద్ర పట్టదు. ఎల్లండి, ఎల్లి చెప్పండి." అబ్బులు వైపు తిరిగి, "నువ్వుండరా తమ్ముడూ, ఈ తలల బుట్ట బయట పోసి ఎల్లు" అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. చైర్మన్ గారు బుట్ట మోసుకుంటూ బయటికి వెళ్ళాడు.

రాజుగారు కంగారు పడలేదు. నూట నలభై మంది పిల్లల్లో తొంభై మంది తండ్రులు ఆయన చెరువుల మీదే పని చేస్తారు. లెక్క ఆయనదే. వ్యానులు మాట్లాడారు. కానీ ఎన్నికల రోజు పొద్దున్న మేత వేళ. రొయ్యకి మేత ఆలస్యమైతే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. "ముందు మేతలు పూర్తి చెయ్యండి, తరవాత వెళుదురుగాని. పది దాకా టైముందిగా" అన్నారట.

ఎనిమిదికి నేను గేటు తీసేసరికి డెబ్బై మంది ఆడవాళ్ళు షెడ్డు నుంచి సరాసరి వచ్చేసి నిలబడి ఉన్నారు. స్నానాల్లేవు, చీర కుచ్చిళ్ళు ఇంకా మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. బడంతా నీచు వాసన. షెడ్డుకు వెళ్ళని మరో ముప్ఫై మంది తల్లులు కూడా వాళ్ళ వెనకాలే వచ్చారు. వరసగా సంతకాలు, వేలిముద్రలు. ఐసుకి నాని ముడతలు పడిన వేళ్ళు. కొందరి వేలిముద్ర సరిగ్గా పడక రెండుసార్లు ఒత్తించాల్సి వచ్చింది.

తొమ్మిదిన్నరకి రాజుగారి వ్యానులు వచ్చాయి. మగవాళ్ళు దర్జాగా దిగారు. నేను జాబితా చూసి ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పాను. "మీ ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టేశారండి." అబ్బులుకీ అదే చెప్పాను. మూడేళ్ళు చైర్మన్‌గా ఉన్న మనిషి తరగతి గదిలోకి అడుగు పెట్టడానికి వీల్లేక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. లోపల వాళ్ళావిడ చెయ్యెత్తుతోంది.

"ఒసేయ్, దించు! రాజుగారు చూస్తన్నారు!" అన్నాడు.

"చూడనీ. మన బుడ్డిది కూడా కక్కిందిగా ఆవేళ. నువ్వేగా ఆ బేసిన్ మోసింది?" అని రెండో చెయ్యి కూడా ఎత్తింది ఆవిడ. రెండోది లెక్కపెట్టడం కుదరదని చెప్పి దింపించాను.

ఆరో తరగతిలో ఇరవై చేతులకి పద్దెనిమిది రూతమ్మకి లేచాయి. మధ్యాహ్నానికి ఇరవై నలుగురిలో పంతొమ్మిది మంది ఆవిణ్ణి చైర్మన్ని చేశారు. హెడ్మాస్టరు కుర్చీ చూపించారు. రూతమ్మ కూర్చోలేదు. "పంద్రాగస్టుకి ఎన్ని రోజులుందండి?" అని అడిగింది.

"వారం" అన్నారు హెడ్మాస్టరు.

"రాజుగారికి కబురెట్టండి. లడ్డూలు ఎప్పట్లాగే పంపమనండి. ఆయన కూడా తప్పకుండా రావాలని చైర్మన్ గారు చెప్పారనండి."

రాజుగారు వచ్చారు. ఆడది దిగి వచ్చింది, పిలిచింది అనుకున్నారో ఏమో, గంజి పెట్టిన తెల్లబట్టల్లో వచ్చారు. జెండా తాడు దగ్గరికి అలవాటుగా వెళ్ళబోతే రూతమ్మ అప్పటికే తాడు పట్టుకుని ఉంది. ఒక్క లాగు లాగింది. పూలు రాలాయి. జనగణమన కూడా తనే ఎత్తుకుంది. తరవాత అబ్బులు లడ్డూల బేసిన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదే అల్యూమినియం బేసిన్. నూట నలభై మంది పిల్లలు వరసల్లో ఉన్నారు, గోడవతల షెడ్డు ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఊరు ఊరంతా ఉంది.

రూతమ్మ మైకు తీసుకుంది. రెండో చేతిలో రుచి రిజిస్టరు ఉంది.

"రాజుగారండి, నమస్కారమండి. పిల్లలకి ఏది పెట్టినా ముందు పెద్దోళ్ళు తినాలని రూలుందండి. తిని ఇందులో సంతకం పెట్టాలండి. ఈవేళ తెచ్చింది మీరు కాబట్టి మీరే తినాలండి."

రాజుగారు నవ్వారు. తప్పదుగా, అంత జనం. లడ్డూ తీసి సగం కొరికారు. "బ్రహ్మాండంగా ఉంది. చాలా?"

"చాలదండి, సంతకం."

పెట్టారు. రూతమ్మ రిజిస్టరు మూయలేదు. పేజీలు వెనక్కి తిప్పింది.

"మాఘంలో మీరు పలావు పంపినప్పుడు ఈ పుస్తకం మీ దగ్గరికి రాలేదండి. వచ్చుంటే మీరు తినేవోరు. తినుంటే అది పులిసిపోయిందని మీకే తెలిసేది. ఇప్పుడు చెప్పండి. ఆవేళ పిల్లలు కక్కింది నా అన్నం తినా, మీ పలావు తినా?"

రాజుగారి నోట్లో లడ్డూ ఇంకా అలాగే ఉంది. మొహం జేవురించింది.

"ఏం కూస్తున్నావే? మా ఇంటి కూడు తిని బతికిన ముసలయ్య కూతురివి, నువ్వా నన్నడిగేది?"

"అవునండి. మా నాన్న మీ ఇంట్లో నిన్నటిది, మొన్నటిదే తిన్నాడండి. అందుకే వాసన చూస్తే నాకు తెలిసిపోయింది."

గోడవతల ఎవరో ఈలేశారు. రాజుగారు వెనక్కి తిరిగారు. ఆయన చెప్పడు, ఆ నోటివెంట ఆ మాట రాదు. ఇంత చేసీ ఏం లాభం అనుకున్నాను నేను. నిజం చెబుతున్నాను, నాకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. ఈ గొడవ ఇక్కడితో ఆగిపోతుందని. అప్పుడు రూతమ్మ మైకు పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆయన చెప్పరని నాకు ముందే తెలుసు మేడం. కాగితం రాసింది మీరు. అందులో ఒక్క మాట మిగిలిపోయింది. అది చెప్పండి."

మైకు నా గడ్డానికి తగిలింది. హెడ్మాస్టరు వద్దని తల ఊపుతున్నారు. రాజుగారు ఆగి నావైపు చూశారు, పురుగుని చూసినట్టు. ఆరో తరగతి వరసలో ముందు నిలబడి వినీల చూస్తోంది. ధైర్యం వచ్చి చెప్పానని అనను. రూతమ్మ కళ్ళు చూసి, చెప్పకపోతే ఈవిడ నన్ను వదలదని భయమేసి చెప్పాను.

"ఆ సోమవారం పదిన్నరకి రాజుగారింటి పలావు పిల్లలు తిన్నారు. వాంతులైన పదకొండు మందీ అది తిన్నవాళ్ళే. ఎనిమిదో తరగతికి పలావు అందలేదు. వాళ్ళు రూతమ్మ వండిన అన్నమే తిన్నారు, వాళ్ళకేం కాలేదు. ఇదంతా నాకు తెలుసు. రాయలేదు. వద్దని రూతమ్మ నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. ఆరేళ్ళుగా రూతమ్మ వంట తినకుండానే బాగుందని సంతకాలు పెట్టాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అబ్బులు భార్య గోడ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, "సరే సరే, పిల్లలూ, లడ్డూలు తీసుకోండి" అన్నారు. అబ్బులు లడ్డూ తీసి వరసలో మొదటిదైన వినీలకి అందించాడు. వినీల చేతులు వెనక్కి పెట్టేసుకుంది. పక్కనున్న పిల్ల కూడా పెట్టేసుకుంది. ఇంకో వరస, ఇంకో వరస. లడ్డూ అంటే పడి చచ్చే పిల్లలు! నూట నలభై మందిలో ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా తలెత్తుకుని నిలబడ్డ రాజుగారు అది చూసి తట్టుకోలేకపోయారు. తల దించుకుని కారు వైపు నడిచారు. అబ్బులు బేసిన్ నెత్తిన పెట్టుకుని ఆయన వెనకాలే వెళ్ళాడు.

"అమ్మా, ఇప్పటికి నీ కడుపు చల్లబడిందా?" అని ఎవరో ముసలావిడ గోడవతల నుంచి అడిగింది.

"సగం" అంది రూతమ్మ.

మర్నాడే చిట్టియ్యను చెరువుల మీదనుంచి తీసేశారు. ఇప్పుడు ఆకివీడు అవతల ఎక్కడో వల లాగుతున్నాడు, రోజూ రెండు బస్సులు మారి వెళతాడు. నాకు మెమో వచ్చింది, జవాబిచ్చాను. రూతమ్మకి వంటగది రాలేదు. చైర్మన్ వండకూడదుగా! పేటలోనే ఉండే మెర్సీ అనే అమ్మాయి వండుతోంది. సాంబారు రూతమ్మ పెట్టినంత బాగోదు. వినీల మాత్రం ఇప్పుడు అందరితో కలిసి బంతిలో కూర్చుని రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంటోంది.

కమిటీలో రూతమ్మ చేసిన మొదటి తీర్మానం రెండు వాక్యాలు. టీచర్లు క్యారేజీలు తేకూడదు. పిల్లలతో పాటు నేలమీద బంతిలో కూర్చుని బడి అన్నమే తినాలి. హెడ్మాస్టరు గ్యాస్ ట్రబుల్ గురించి ఏదో చెప్పబోయారు. "తగ్గిపోద్దిలెండి" అంది. నిజంగానే తగ్గిపోయింది.

రూతమ్మ షెడ్డు పని ముగించుకుని, ఇంటికెళ్ళి స్నానం చేసి, పన్నెండున్నరకల్లా బడికి వచ్చేస్తుంది. మిగతా టీచర్ల జోలికి వెళ్ళదు. సరిగ్గా నా కంచం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగేదాకా కదలదు. మింగాక రిజిస్టరు నా ముందు పెడుతుంది. వేసవి సెలవులు పోను, ఇప్పటికి ఏడాది దగ్గర పడుతోంది. ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి నిలబడింది.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

"అందరి ముందూ చెప్పాను కదా రూతమ్మగారూ. ఇంకా ఎన్నాళ్ళండీ ఇలాగ?"

"మీరు ఆరేళ్ళు తినలేదండి" అంది. "ఇంకా ఏడాది కూడా నిండలేదు."

"రెండేళ్ళలో నాకు బదిలీ అండి. ఇక్కడ ఉండను."

రూతమ్మ రిజిస్టరు నా ముందుకి జరిపింది.

"ఎళ్ళే బళ్ళో కూడా అన్నం వండే మనిషి ఉంటదిగా మేడం. ముందు తినండి, చల్లారిపోతంది."

నేను ముద్ద కలుపుకున్నాను.